ద్వాదశి నాటి తెలివి

మా ఆయన పేరు నేను చెప్పను. చెప్పకూడదని ఎవరూ నన్ను కట్టడి చెయ్యలేదు, అలవాటు లేదు, అంతే. మా అమ్మ మా నాన్న పేరు చెప్పగా నేను వినలేదు. మా అత్తగారు మామగారి పేరు చెప్పగానూ వినలేదు. రేషన్ కార్డు వాళ్ళొచ్చినా, జనాభా లెక్కల వాళ్ళొచ్చినా పక్కింటావిడని పిలిచి ఆవిడ చేత చెప్పించాను. తెనాలి గంగానమ్మపేటలో పెళ్ళిళ్ళు చేయించే శర్మగారి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా మా గుమ్మం దాకా తెచ్చి దిగబెడతారు. ఆ మాత్రం చాలు.

నా పేరు కామేశ్వరమ్మ. నాకు కోపం ఎక్కువని ఆయన అంటారు. ఆయనకి మతిమరుపు వచ్చిందని పోయిన ఏడు అందరూ అన్నారు. అందరూ అన్నది తప్పని తేల్చింది నా కోపమే కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

పెళ్ళిలో కన్యాదానానికి ముందు ప్రవర చెబుతారు కదా. ఫలానా గోత్రంలో పుట్టినవాడు, ఫలానా వారి మునిమనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కొడుకు అని పెళ్ళికొడుకు గురించి, మళ్ళీ అలాగే పెళ్ళికూతురి గురించి. చాలామంది పురోహితులు ఆ పేర్లు కాగితం మీద రాసుకుని చూసి చదువుతారు. మా ఆయన కాగితం ముట్టుకోరు. ఇంటి పెద్దవాళ్ళు ఒక్కసారి చెబితే చాలు, ముహూర్తం వేళకి తడుముకోకుండా వచ్చేస్తాయి. ఎప్పుడో పెళ్ళిళ్ళు చేయించిన ఇళ్ళవాళ్ళు మళ్ళీ పిలవడానికొస్తే, "మీ తాతగారు ఫలానా కదూ" అని ఆయనే ముందు అనేవారు. వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. ఆయన మొహం అంతకన్నా వెలిగేది.

మన ముహూర్తాలు మనిషి నిద్రని లెక్కచేసి పెట్టేవి కావు. ఇవాళ అర్ధరాత్రి వేమూరులో అయితే రేపు తెల్లవారుజామున కాకుమానులో. వయసులో ఉన్నప్పుడు బస్సులోనో, విడిదింట్లో బియ్యం బస్తాల మీదో కునుకు తీసి లేచేవారు. డెబ్బై దాటాక నిద్ర అలిగింది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కూడా రాకుండా పోయింది. సరిగ్గా అప్పుడే మా మనవరాలు సంజనకి రేపల్లె సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు హేమంత్, మంచి పిల్లవాడు, వచ్చిన రోజునే మా వంటింట్లోకి వచ్చి పీట వేసుకు కూర్చున్నాడు.

"సంజన పెళ్ళి నేనే చేయిస్తాను. ఆ తర్వాత ఎవరూ నన్ను పిలవకపోయినా పరవాలేదు" అన్నారు ఆయన. పరాయి వాళ్ళ పిల్లలకి ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళు చేయించిన మనిషికి ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి చేయించే యోగం ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. మాకు ఒక్కడే కొడుకు రఘురామ్. వాడికి ఒక్కతే కూతురు.

పెళ్ళి నాటికి ఒళ్ళు కుదురుగా ఉండాలంటే నిద్ర పట్టాలనుకుని ఆయన మనోహర్ మందుల షాపుకి వెళ్ళారు. నిద్రమాత్ర ఉందా అని అడిగారట.

"డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు ఇవ్వకూడదు బాబాయి గారూ" అన్నాడట మనోహర్. "ఈ జలుబు మాత్ర తీసుకెళ్ళండి. దీనికి చీటీ ఎవరూ అడగరు. పడుకునే ముందు వేసుకుంటే నిద్ర అదే వస్తుంది."

ఆయనకి జలుబు లేదు. అయినా వేసుకున్నారు. నిజం చెప్పొద్దూ, మొదటి నాలుగు రోజులూ నేనే మనోహర్‌ని దీవించాను. గురక వినపడుతుంటే ఇల్లు మళ్ళీ ఇల్లులా అనిపించింది. తర్వాత ఒక మాత్రకి నిద్ర రావడం మానేసింది. ఆయన రెండు వేసుకున్నారు. రెండూ పనిచెయ్యకపోతే ఇంకోటి. వద్దని నేనంటే, "చంటిపిల్లలకి జలుబు చేస్తే పట్టే మందేగా, ఏమవుతుంది?" అనేవారు. అదీ నిజమే కాబోలనుకున్నాను.

ఆ మీదట మొదలైంది వింత. నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అంటుకుంటోందని మంత్రానికీ మంత్రానికీ మధ్య నీళ్ళు తాగడం. బాత్రూములోకి వెళితే ఎంతకీ బయటికి రాకపోవడం, ఏంటని అడిగితే చెప్పడానికి సిగ్గుపడడం. పీట మీంచి లేస్తే తూలడం. కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికింది. బియ్యం కొలిచే గిద్ద దేవుడి దగ్గర దొరికింది. వీటన్నిటికీ నేను అరిచాను కానీ భయపడలేదు. భయం సంగం జాగర్లమూడి పెళ్ళిలో వేసింది.

బసవేశ్వరరావు గారని అక్కడ పెద్ద రైతు. వాళ్ళింట్లో మూడు తరాలకి మా ఆయనే పెళ్ళిళ్ళు చేయించారు. ఇప్పుడు వాళ్ళ మనవరాలు అలేఖ్య పెళ్ళి, పెళ్ళికొడుకు కిరీటి. పగటి ముహూర్తం. నన్నూ రమ్మని బసవేశ్వరరావు గారి భార్య బసవమ్మ గారు మరీ మరీ చెబితే వెళ్ళాను. మా ఆయన కిరీటి గోత్రం, తాతముత్తాతల పేర్లు చక్కగా చెప్పారు. తర్వాత అలేఖ్య వంతు. మళ్ళీ కిరీటి గోత్రమే చెప్పారు. మళ్ళీ కిరీటి ముత్తాత, కిరీటి తాత, కిరీటి తండ్రి. అంటే పీటల మీద కూర్చున్న పిల్ల, ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి సొంత చెల్లెలై కూర్చుంది.

అంతలో బసవేశ్వరరావు గారి గొంతు లేచింది.

"పంతులు గారూ! మా పిల్లని తీసుకెళ్ళి వాళ్ళింట్లోనే పుట్టించేశారేంటండీ!"

జనం ఘొల్లుమన్నారు. అడ్డుతెర వెనకాల అలేఖ్య పొట్ట పట్టుకుని నవ్వింది. దొడ్డ మనుషులు, ఎవరూ తప్పుపట్టలేదు. బసవేశ్వరరావు గారే పక్కకొచ్చి పేర్లు అందిస్తే మా ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పి పెళ్ళి కానిచ్చారు. పంక్తిలో మా ఇద్దరికీ దగ్గరుండి వడ్డించారు కూడా. కానీ ఇంటికొచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకుని, అన్నానికి లేవలేదు. జనం నవ్వినందుకు కాదు. నవ్వేదాకా తను తప్పు చెప్పినట్టే ఆయనకి తెలియలేదు.

సంగతి విని రఘురామ్ బాపట్ల నుంచి వచ్చాడు. వాడక్కడ బ్యాంకులో పనిచేస్తాడు. వరండాలో నన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు.

"ఇది వయసుతో వచ్చే మతిమరుపు జబ్బేమోనమ్మా. బాపట్లలో మంచి డాక్టరుంది, చూపిద్దాం. సంజన పెళ్ళికి మాత్రం రేపల్లె రంగనాయకులు గారితో మాట్లాడతాను. నాన్నని ముందు వరసలో కూర్చోబెడదాం, ఆశీర్వచనం చేస్తారు."

లోపలి గదిలో ఆయన మేలుకునే ఉన్నారు. అన్నీ విన్నారు. పంచాంగంలో తప్పుంటే పంచాంగం వేసిన వాళ్ళతోనే పోట్లాడే మనిషి, ఆ మాటకి ఎదురు చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఎవరి మీద పడాలో తెలియక ఆ రోజు పాలవాడి మీద పడ్డాను.

ఆ వారంలోనే ఏకాదశి వచ్చింది. ఏకాదశినాడు ఆయన ఉపవాసం. మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో వేసుకోరు, మాత్రలతో సహా. ఆ రాత్రి ఎలాగూ నిద్ర ఉండదు. మర్నాడు ద్వాదశి పారణ చేసి వరండాలో కూర్చున్నారు. సాంబారులో ఇంగువ తక్కువైందన్నారు. ఎదురింటి పిల్ల ముక్కుపుడక మార్చిందన్నారు. నేను పది రోజులుగా వెతుకుతున్న బీరువా తాళంచెవి, "ఆవకాయ జాడీ వెనక పెట్టావుగా" అన్నారు. చూస్తే అక్కడే ఉంది. ఏదో మంచి రోజనుకున్నాను. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే, అడిగిన మాటే మళ్ళీ అడగడం, కళ్ళజోడు వెతుక్కోవడం.

మళ్ళీ ఏకాదశి వచ్చింది, ద్వాదశి వచ్చింది. మళ్ళీ మనిషి తేటగా ఉన్నారు. నా లోపల ఏదో కదిలింది. ఎదురుగా వెళ్ళి నించుని అడిగాను.

"అలేఖ్య ముత్తాత పేరేంటండీ?"

ఆయన ఆలోచించలేదు. గోత్రంతో మొదలుపెట్టి ముత్తాత, తాత, తండ్రి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. చెప్పాక తనే ఉలిక్కిపడ్డారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అన్నీ ఉన్నాయే కామేశ్వరీ" అన్నారు. "ఎక్కడికీ పోలేదు."

అప్పుడొచ్చింది నాకు అసలైన కోపం. నిద్రపోయిన మర్నాడు మతి ఉండదు, జాగారం చేసిన మర్నాడు మతి ఉంటుంది. ఇదెక్కడి లెక్క? ఏకాదశినాడు మా ఇంట్లో లేనిదేమిటి? అన్నం లేదు, కాఫీ లేదు, ఆ మాత్ర లేదు. అన్నం తినే ఆయన ఇన్నేళ్ళూ ప్రవరలు చెప్పారు. కాఫీ తాగే చెప్పారు. గూట్లోంచి మాత్రల అట్ట తీసి కొంగున ముడేసుకుని, రఘురామ్‌కి ఫోన్ చేసి ఆ డాక్టరు దగ్గరికి రేపే వెళదామన్నాను.

పొద్దున రైలెక్కి బాపట్లలో దిగాం. డాక్టరు పేరు హిమబిందు. బయట బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి పేషెంటు పేరేంటమ్మా అని నన్నడిగింది. నేను ఆయన వైపు చూపించాను. ఆయన ఎటో చూస్తున్నారు. "చెప్పండమ్మా" అంది మళ్ళీ. "ఆయన్నే అడుగమ్మా, నోరుందిగా" అన్నాను. రఘురామ్ తలపట్టుకుని వాడే చెప్పాడు.

లోపల రఘురామ్ మతిమరుపు గురించి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నేను కొంగు ముడి విప్పి అట్ట బల్ల మీద పెట్టాను. ఏకాదశి సంగతి, ద్వాదశి సంగతి చెప్పాను. ఆవిడ అట్ట తిప్పి చూసింది.

"తాతగారూ, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు?"

ఆయన నా వైపు చూసి, మెల్లగా చెప్పారు. నాకు తెలిసిన దానికన్నా ఎక్కువే.

"ఇది దురదకీ జలుబుకీ ఇచ్చే మందండి" అంది హిమబిందు. "మత్తు రావడం దీని అసలు పని కాదు, దాంతోపాటు వచ్చే ఇబ్బంది. ఆ మత్తుకి కూడా ఒళ్ళు కొద్ది రోజుల్లోనే అలవాటు పడిపోతుంది. అందుకే మీకు ఒకటి చాలక ఇన్నయ్యాయి. నిద్ర పోయింది, మిగతావన్నీ మిగిలాయి. పెద్ద వయసులో ఇది ఒంట్లోంచి తొందరగా పోదు, పొద్దున కూడా మెదడుని మందంగా ఉంచుతుంది. నోరు ఎండడం, తూలడం, మూత్రం సరిగా రాకపోవడం, పేర్లు గుర్తు రాకపోవడం, అన్నీ దీని వల్ల రావచ్చు."

"చంటిపిల్లలకే పడతారు కదమ్మా?" అన్నారు ఆయన.

"వాళ్ళకి కూడా డాక్టర్ని అడక్కుండా పట్టకూడదండి."

రఘురామ్ మొహం విప్పారింది. ఆవిడ వాణ్ణి కూడా ఆపింది. "మతిమరుపు జబ్బు కాదని ఇవాళే చెప్పలేను. నేను చెప్పినట్టు మాత్ర తగ్గించుకుంటూ పూర్తిగా మానెయ్యాలి. కొన్ని వారాలయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తాను. అప్పుడు చెబుతాను." తర్వాత నా వైపు తిరిగింది. "మామ్మగారూ, మీరు బాగా కనిపెట్టారు. సాయంత్రాలు ఆయన కాఫీ ఎన్నిసార్లు తాగుతారు?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"సంధ్యావందనం అయ్యాక ఒకటమ్మా" అన్నారు ఆయన ఉత్సాహంగా. "ఎవరైనా వస్తే ఒకటి. ఎవరూ రాకపోతే తోచక ఒకటి. మా ఆవిడ కాఫీ చాలా బాగా పెడుతుంది."

నన్ను పొగిడి నన్నే ఇరికించారు. మధ్యాహ్నం దాటితే కాఫీ వద్దంది డాక్టరమ్మ. పగలు గంటల తరబడి పడుకోవద్దంది. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకి లేవమంది. రాత్రి ముహూర్తాలు శిష్యులకి ఒప్పజెప్పమంది. నిద్రకి వేరే మాత్రలేవీ రాయలేదు. తిరిగొస్తుంటే రైల్లో ఆయన, "మాత్రలిచ్చే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది" అని గొణిగారు.

ఆ పైన మా ఇంట్లో జరిగింది మామూలు యుద్ధం కాదు. సాయంత్రం కాఫీ బదులు మజ్జిగ ఇస్తే గ్లాసు వైపు శత్రువుని చూసినట్టు చూసేవారు. మధ్యాహ్నం కునుకు తీస్తే నేను పళ్ళెం కింద పడేసేదాన్ని. పొద్దున లేచి, రాత్రి ఎన్నిసార్లు పక్క మీద దొర్లారో కథలా చెప్పేవారు. మాత్ర ఉంటే బాగుండేదని నాకే అనిపించిన రోజులున్నాయి. ఒకరోజు మనోహర్ షాపుకి వెళ్ళి కౌంటర్ ముందు నించుని నా మనసులో ఉన్నదంతా కడిగేశాను. పాపం వాడు చేతులు కట్టుకుని విన్నాడు. ఇప్పుడు నిద్ర పట్టడం లేదని ఎవరొచ్చినా, "డాక్టరుకి చూపించుకోండి బాబూ, కామేశ్వరమ్మ పిన్నిగారు చూస్తే నన్ను బతకనివ్వరు" అంటున్నాడట.

సాయంత్రాలు కాలవ గట్టు మీద ఇద్దరం నడవడం మొదలుపెట్టాం. మెల్లగా నోరు తడయింది. గొంతులో జీర పోయింది. బాత్రూములోంచి మనుషుల్లా బయటికి రావడం నేర్చుకున్నారు. నిద్ర కూడా కొంచెం కొంచెంగా వచ్చింది. మాత్ర ఇచ్చిన నిద్రలో పిలిచినా పలికేవారు కాదు. ఇది పిలిస్తే పలికే నిద్ర. తక్కువే అయినా తనది.

హిమబిందు రెండోసారి పరీక్ష చేసినప్పుడు ఏవేవో పేర్లు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమంది. ఆయన వరస తప్పకుండా చెప్పి, ఊరుకోక, "మీ గోత్రమేంటమ్మా? పెళ్ళయిందా?" అని అడిగారు. ఆవిడ పగలబడి నవ్వింది. "ఇంక మీరు పెళ్ళి చేయించుకోవచ్చు తాతగారూ, మీ మనవరాలిది" అంది.

రఘురామ్ మాత్రం బ్యాంకు వాడు కదా, హామీ లేనిదే వదలడు. నాన్నే చేయించాలి కానీ పక్కన రంగనాయకులు గారు కూర్చుంటారు అన్నాడు. ఆయన ఒక హుంకారం చేసి ఒప్పుకున్నారు.

రేపల్లెలో పెళ్ళి. పగటి ముహూర్తం, ఆయనే పెట్టారు. హాలు నిండా జనం. సంగం జాగర్లమూడి నుంచి బసవేశ్వరరావు గారి కుటుంబం కారు వేసుకుని వచ్చింది, ఈసారి ఎవర్ని ఎవరింట్లో పుట్టిస్తారో చూడడానికొచ్చామని వేళాకోళం కూడా ఆడింది. నేను నవ్వి, పీటల పక్కనే, ఆయనకి దగ్గరగా చోటు చూసుకుని కూర్చున్నాను. ఆయన చొక్కా లేని ఒంటి మీద ఉత్తరీయానికి మైకు తగిలించారు. సంజన అడ్డుతెర వెనకాల, రఘురామ్ దంపతులు పీటల మీద. రంగనాయకులు గారు పక్కనే, చేతిలో కాగితంతో.

భారద్వాజస గోత్రం అని హేమంత్ వైపు మొదలుపెట్టారు. మూడు తరాలూ గంటలా మోగాయి. తర్వాత మా కౌండిన్యస గోత్రం. లక్ష్మీనరసింహ శర్మణః నప్త్రీం అన్నారు, అంటే మా మామగారి మునిమనవరాలు. ఇక పౌత్రీం అనాలి. ఎవరి మనవరాలో చెప్పాలి.

ఆగిపోయారు.

నోరు తెరిచారు, మాట రాలేదు. రఘురామ్ మొహంలో రక్తం లేదు. రంగనాయకులు గారు కాగితం సర్దుకుని ముందుకి వంగారు. ముందు వరసలో బసవేశ్వరరావు గారు కూడా నవ్వడం మానేశారు. ఇంకొక్క క్షణం గడిస్తే ఆ పేరు రంగనాయకులు గారు అందిస్తారు. అందిస్తే ఆయన ఇంకెప్పుడూ తలెత్తుకోరు. నా ఒళ్ళంతా మండింది. ఎలా లేచానో తెలియదు.

"వెంకట సుబ్బయ్య శర్మ!" అని అరిచాను.

మైకులో పడింది. హాలు హాలంతా మోగింది. అది సైగ అనుకుని సన్నాయి వాళ్ళు గట్టిమేళం అందుకున్నారు, ఎవరో తొందరపడి అక్షింతలు వేసేశారు. సంజన తెర పక్కకి లాగి, "మామ్మా!" అంది. ఆయన చెయ్యెత్తి మేళం ఆపించారు. తర్వాత నా వైపు తిరిగారు. మొహం నిండా నవ్వు, కళ్ళ నిండా నీళ్ళు.

"మర్చిపోలేదే" అన్నారు మైకులోనే. "ఇన్ని వేల మంది తాతల పేర్లు చెప్పాను. ఇక్కడ నా పేరు చెప్పడం ఇదే మొదలు. గొంతు పట్టేసింది, అంతే."

నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. "అయితే త్వరగా చెప్పండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన గొంతు సవరించుకుని, వెంకట సుబ్బయ్య శర్మణః పౌత్రీం అని రేపల్లె స్టేషన్ దాకా వినపడేలా చెప్పారు. రంగనాయకులు గారు కాగితం మడిచి నడుముకి దోపుకున్నారు.

సాయంత్రం ప్యాసింజరులో ఇద్దరం తెనాలి బయల్దేరాం. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. రైలు కదలగానే ఆయన తల నా భుజం మీదకి వాలింది. మాత్ర లేదు, పక్క లేదు, హాయిగా నిద్రపోయారు. నేను కదలకుండా కూర్చున్నాను. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు.

తెనాలి వచ్చింది. "ఏవండీ, లేవండి" అన్నాను. లేవలేదు. గట్టిగా అన్నాను. ఊహూ. పెదవుల చివర మాత్రం చిన్న నవ్వు కనిపించింది. నాకు అర్థమైంది. పెట్టెలో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరగా వంగాను.

"వెంకట సుబ్బయ్య శర్మగారూ."

"ఆఁ, వచ్చేశామా?" అని లేచి సంచీ అందుకున్నారు.